మైకు తీగలో మూడు గింజలు

మందిరం వెనక గది,
వానలు పట్టుకున్న మూడో రోజు

ప్రియమైన చెల్లి పిచ్చుకకి,

నీ పార్సిలు అందింది. అందిందని ఫోను చేసి చెప్పే స్థితిలో లేనని నీకు తెలుసు. డాక్టరు నా గొంతులోంచి తీయాల్సింది తీసేసి గుసగుస ఒక్కటే మిగిల్చాడు. నేను ఫోనెత్తితే అవతలివాళ్ళు రెండుసార్లు హలో అని పెట్టేస్తారు. ఆ చిన్న అద్దం మీద వేలితో పొడిచి రాయడం నాకు చేతకాదు. కాబట్టి ఉత్తరమే. గ్రంథంలో, గుడిలో మూగవాడైపోయిన ఆ ముసలి యాజకుడు పలక తెప్పించుకుని రాశాడు. ఆయనకి బిడ్డ పుట్టేసరికి గొంతు తిరిగొచ్చింది. నాకు అంత వ్యవధి ఇవ్వలేదు.

ఇవ్వనిది దేవుడు కాదు, సంఘ పెద్దలు. ముప్పై ఏళ్ళుగా ఉరుమయ్యా, ఉరుమయ్యా అని పిలిచిన నోళ్ళే పోయిన వారం ఇంటికొచ్చి, మీ వదిన ఇచ్చిన టీ తాగి, నాలుగు నెలల గడువు చెప్పారు. నాలుగో నెల ఆఖరి ఆదివారం నా మాట వెనక బల్ల దాకా వినపడితే వేదిక నాదే. వినపడకపోతే కొత్త బోధకుడికి అప్పగిస్తారట. అతను మంచివాడే. అతను మంచివాడు కావడమే నాకు కష్టంగా ఉంది.

ఇరవై ఆరేళ్ళుగా మనిద్దరి మధ్య పెళ్ళి కార్డులూ చావు కబుర్లూ తప్ప ఏమీ నడవలేదు. మీ వదిన నీకు చెప్పడం, నువ్వు గుసగుసని మాట చేసే ఈ యంత్రం పంపడం, రెండూ నాకు చెప్పకుండానే జరిగాయి. సరే.

నువ్వు గీసి పంపిన బొమ్మలో ఉన్నట్టే ఒక్కో ముక్కనీ చట్రంలో బిగించాను. రంగు తీగలు ఎక్కడివక్కడ గుచ్చాను. ఈ పని నాకెవరూ నేర్పలేదు. దేవుడి వాక్యం మాత్రం ఎవరు నేర్పారు? స్విచ్చి వేస్తే చిన్న చిన్న దీపాలు వెలిగాయి. బయట మబ్బు, లోపల ఆ దీపాలు. కొండ మీద కూర్చుని ఎప్పుడూ వెళ్ళని ఊరినొకదాన్ని చూస్తున్నట్టనిపించింది. నా పాత మైకు పట్టుకుని మాట్లాడాను. "ఇది వెలగాలి" అని నువ్వు గుండ్రం చుట్టిన దీపం మాత్రం వెలగలేదు. మళ్ళీ మాట్లాడాను. మూడోసారి మాట్లాడాను. గ్రంథంలో కోట గోడలు కూలడానికి ఏడు రోజులు చుట్టూ తిరిగారట కదా, నేను ఏడుసార్లు మాట్లాడాను. ఏమీ కూలలేదు.

అన్నయ్య


నాటకశాల, వేదిక కింది గది,
శనివారం, రిహార్సల్‌కి ముందు

అన్నయ్యా,

నీ చేతిరాత ఏమీ మారలేదు. అక్షరాలు కూడా అరుస్తున్నట్టే ఉన్నాయి.

ముందు ఇది ఎలా పనిచేస్తుందో చెప్తాను. అర్థం కాకుండా గుచ్చితే నువ్వు ఏడుసార్లు కాదు, డెబ్భైసార్లు మాట్లాడినా లాభం లేదు. గుసగుసలో కూడా మాట ఆకారం ఉంటుంది. పెదవులు, నాలుక, పళ్ళు చేసే పని అంతా అందులో ఉంటుంది. లేనిది నాదం ఒక్కటే. ఆ నాదాన్ని ఆసిలేటరు అనే ముక్క ఇస్తుంది. పక్కనున్న పెద్ద ముక్క నీ గుసగుస ఆకారాన్ని తీసుకుని ఆ నాదానికి తొడుగుతుంది. నోరు నీది, గొంతు యంత్రానిది. అంతే.

కానీ నీ గుసగుస లోపలికి బలంగా రావాలి. మైకులోంచి వచ్చే కరెంటు, ఈ ముక్కలు వాటిలో అవి మాట్లాడుకునే దానిలో వెయ్యో వంతు. అందుకే మొదటి ముక్క ప్రీయాంపు, దాన్ని పెంచి లోపలికి పంపుతుంది. దానికి రెండు రంధ్రాలున్నాయి. పైది మైకుకి, కిందిది వాయిద్యాలకి. నువ్వు ఎందులో పెట్టావు? నిజం చెప్పు.

రెండో సంగతి. నువ్వు మైకుకి మూరెడు దూరంలో నిలబడి ఉంటావు. నీ అరుపుకి అదే అలవాటైంది. ఇప్పుడు మైకు పెదవికి తగలాలి. దానికి రహస్యం చెప్తున్నట్టు మాట్లాడు.

నా గది ఎలా ఉందో నువ్వెప్పుడూ అడగలేదు గానీ చెప్తాను. నెత్తిన వేదిక. నటులు నడుస్తుంటే చెక్క సందుల్లోంచి దుమ్ము రాలుతుంది, వెలుతురులో నిలబడి కిందకి దిగనంటుంది. అప్పుడప్పుడు పనాపి దాన్నే చూస్తూ కూర్చుంటాను. వింటే దానికీ ఏదో శబ్దం ఉంటుందనిపిస్తుంది.

పిచ్చుక


మందిరం వెనక గది,
ముసురు వదలని మంగళవారం

పిచ్చుకా,

కింది రంధ్రంలో పెట్టాను. నిజం చెప్పమన్నావు, చెప్పాను. పైదానికి మార్చాను. మైకు పెదవికి ఆనించాను. ఈ వయసులో ఇనప జాలీని ముద్దు పెట్టుకుంటూ కూర్చున్నానని మీ వదిన తలుపు దగ్గర నిలబడి నవ్వింది.

దీపం కొంచెం కదిలింది. దగ్గితే వెలుగుతోంది, మాట్లాడితే ఆరిపోతోంది. నా దగ్గులో ఉన్న బలం నా వాక్యంలో లేదా?

బలం పెంచే గెయిన్ నాబు చివరిదాకా తిప్పాను. అప్పుడు వచ్చింది ఒక సందడి. మాట కాదు. బుస్సుమని, దూరంగా జల్లు కురుస్తున్నట్టు. ఆ బుస్సునే పెద్ద ముక్క మాట అనుకుని ఆసిలేటరుకి తొడిగింది. నేను నోరు మూసుకుని కూర్చున్నాను, యంత్రం తనంత తానే ఏదో చెప్పుకుంటూ పోయింది. కిటికీ అవతల వాన, ఇవతల వాన. ఎంతసేపు విన్నానో తెలియదు. అమ్మ అటక మీద నుంచి ఏదో దించమని అడుగుతున్నట్టు, నేను చిన్నవాణ్ణై చెయ్యి చాస్తున్నట్టు ఉంది. కళ్ళు తెరిస్తే గెయిన్ నాబు మీద ఉంది చెయ్యి. కొండ మీద ఆ ప్రవక్త గాలిలో వెతికాడు, నిప్పులో వెతికాడు, చివరికి సన్నని స్వరంలో విన్నాడు. నేను వెతుకుతున్నది నా స్వరాన్నే. అది గర్వమా, కాదా, నువ్వే చెప్పు.

మూడు నెలలు మిగిలాయి.

అన్నయ్య


నాటకశాల, వేదిక కింది గది,
సోమవారం సెలవు

అన్నయ్యా,

గర్వం సంగతి నన్నడగొద్దు. బుస్సు సంగతి అడుగు, చెప్తాను. మాట బలహీనంగా వచ్చినప్పుడు నాబు తిప్పితే మాటతోపాటు చెత్త కూడా పెరుగుతుంది. అందుకే ముందు బలం ఎక్కడ పోతోందో పట్టుకోవాలి.

మా సౌండు పనిలో ఒక పద్ధతి ఉంది. దారిని సగానికి కోసి చూస్తాం. ఆసిలేటరు లోంచి ఒక తీగ తీసి, మధ్యలో తగ్గించే నాబు ఉన్న ముక్కలోంచి పంపించు. నాబు బాగా తగ్గించి, ఆ సన్నటి శబ్దాన్ని ప్రీయాంపు పై రంధ్రానికి ఇవ్వు. దీపం నిండుగా వెలిగితే యంత్రం బాగున్నట్టే. తప్పు దానికి ముందే ఎక్కడో ఉన్నట్టు.

తర్వాత మైకు తలని గోటితో గీరు. దాని గుండె కొట్టుకుంటోందో లేదో అక్కడ తెలుస్తుంది.

ఈ కవరుతో పాటు ఒక కొత్త మైకు తీగ పంపుతున్నాను. పాతది తీసి పారెయ్యి. అది ఎప్పటిదో, లోపల తుప్పు పట్టి ఉంటుంది. విప్పి చూడ్డం, బాగు చేయడం పెట్టుకోకు. ఊరికే మార్చెయ్యి.

అటక కలలో అమ్మ ఏం దించమంది?

పిచ్చుక


మందిరం వెనక గది,
ఎండ కాసిన శుక్రవారం

పిచ్చుకా,

నీ పరీక్ష చేశాను. ఆసిలేటరు శబ్దాన్ని దోమ రెక్కంత సన్నగా చేసి ఇచ్చినా దీపం భగ్గుమంది, ఎర్రగా. యంత్రం బాగుంది. మైకు గీరితే టకటకమంది, బలహీనంగా. సగానికి కోసి, ఆ సగాన్ని మళ్ళీ కోసి నేనూ నీలాగే ఆలోచించడం మొదలుపెట్టాను. తీర్పు ఇలాగే జరుగుతుందేమో, ఇటు కొందరు, అటు కొందరు.

కానీ నీ కొత్త తీగ పెట్టను. కోపం తెచ్చుకోకు. ఈ పాత తీగ నాతో వెయ్యి ప్రార్థన కూటాలకి వచ్చింది. బురదలో పడింది, ట్రాక్టరు చక్రం కింద నలిగింది, మళ్ళీ పలికింది. నీకు తెలియని సంగతొకటి చెప్తాను. నువ్వు వెళ్ళిపోయిన ఏడాది నుంచే నా ప్రసంగంలో మార్పు వచ్చింది. అంతకుముందు జనం వెనక్కి వాలి కూర్చునేవాళ్ళు. తర్వాత తర్వాత ముందుకు వంగి వినడం మొదలుపెట్టారు. వెనక బల్లలు వదిలి ముందుకొచ్చి నేల మీద కూర్చున్నవాళ్ళున్నారు. చంటిపిల్లల్ని కూడా ఏడవనిచ్చేవాళ్ళు కాదు. వేదిక మీద నుంచి చూస్తే గాలికి వరుసలు వరుసలుగా వంగిన గడ్డిలా ఉండేవాళ్ళు. అదంతా ఈ తీగలోంచి వెళ్ళిన మాటే. దాన్ని పారేయమంటావా?

మా గదిలో ఎండ పడింది. యంత్రం నీడ గోడ మీద పడి చిన్న ఊరులా ఉంది.

అమ్మ ఏం దించమందో కలలో వినపడలేదు. పెదవులు కదిలాయి, అంతే.

అన్నయ్య


నాటకశాల,
బుధవారం

అన్నయ్యా,

మొండికెయ్యకు. తీగ మార్చు. ఎందుకని అడగకు. ఇంకా రెండు నెలలే ఉంది, దాన్ని పట్టుకుని వేలాడితే వేదిక పోతుంది.

పిచ్చుక


మందిరం వెనక గది,
ఆదివారం, అందరూ వెళ్ళాక

చెల్లీ,

ఎందుకని అడగకు అన్నావు. అడగొద్దన్నదాన్ని అడగకుండా ఉండే నోరు కాదు నాది, గొంతు పోయినా సరే. ఆ ఒక్క మాట రాయకపోయుంటే నీ కొత్త తీగే పెట్టేవాణ్ణేమో.

స్క్రూడ్రైవరు తీసుకుని పాత తీగ కొస విప్పాను. తుప్పు లేదు. తీగలు చక్కగా ఉన్నాయి. వాటి మధ్య నల్ల టేపు చుట్టి, లోపల దాచి, మూడు చిన్న గింజలు. మిరియాలకంటే చిన్నవి, ఒంటి నిండా రంగు చారలు. సీసం అతుకులు వంకరగా, లావుగా, కొత్తగా పని నేర్చుకున్న చెయ్యి వేసినట్టు ఉన్నాయి.

అవి పట్టుకుని మైకు మామ ఇంటికి వెళ్ళాను. ఆయనకి ఎనభై దాటాయి. మైకుసెట్టు అమ్మేసి వాకిట్లో కుర్చీ వేసుకుని కూర్చుంటున్నాడు. కాగితం మీద రాసి చూపించాను, ఇవేమిటి మామా అని. ఆయన గింజల్ని అరచేతిలో పోసుకుని ఎండకి ఎత్తి చూశాడు. రెసిస్టర్లు అన్నాడు. మైకులోంచి వచ్చే మాటలో పది భాగాలుంటే తొమ్మిది భాగాల్ని అక్కడే ఆపేస్తాయి అన్నాడు. ఎవరు పెట్టారని రాశాను. గింజల్ని తిరిగి నా చేతిలో పోశాడు.

"నన్నడగకయ్యా, మీ చెల్లెల్నడుగు," అన్నాడు.

అడుగుతున్నాను.


నాటకశాల, వేదిక కింది గది,
తెల్లవారుతోంది

అన్నయ్యా,

నేనే పెట్టాను. ఆ వంకర అతుకులు నావే. నా జీవితంలో నేను వేసిన మొదటి అతుకులు అవి.

నీకా ఆదివారం గుర్తుందో లేదో. నాకు పంతొమ్మిదేళ్ళు. నువ్వు వేదిక మీద నిలబడి పేరు పెట్టకుండా అన్నావు: నా ఇంట్లోనే ఒకతి ఉంది, దేవుడిచ్చిన వేళ్ళని పెళ్ళి పందిళ్ళలో కీబోర్డు మీద అమ్ముకుంటోంది అని. పేరెందుకు, మూడొందల మందికీ తెలుసు నీ ఇంట్లో ఉన్న ఒకతి ఎవరో. నాకేమీ కాలేదు, నేను తలెత్తుకునే కూర్చున్నాను. కానీ అమ్మ నెత్తి మీదే స్పీకరు ఉంది. ప్రతి మాటా ఆవిడ నెత్తిన పడింది. గోటితో బల్ల అంచు గీరుతూ కూర్చుంది. ఇంటికొచ్చాక కూడా ఆ వేలు ఆగలేదు.

సౌండు బటను ఎప్పుడూ నీ చేతిలోనే ఉండేది, ఎప్పుడూ చివరిదాకా తిప్పేవాడివి. ఎవరినీ ముట్టుకోనిచ్చేవాడివి కాదు. నిన్ను ఆపడం నా వల్ల కాలేదు. తొమ్మిది భాగాలు ఆపడం వల్ల అయింది. మైకు మామ దగ్గర కూర్చుని, ఎక్కడ కోయాలో, ఎక్కడ అతకాలో నేర్చుకుని పెట్టాను. ఆయన నవ్వాడు, నా స్పీకర్లు కాలిపోవడం మానేస్తాయిలే అన్నాడు. మర్నెల నేను వెళ్ళిపోయాను. అవి అలాగే ఉండిపోయాయి.

జనం ముందుకు వంగింది వినపడక. నీ మొన్నటి ఉత్తరం చదివినప్పుడు ఇది నీకు ఎప్పటికీ తెలియకూడదనుకున్నాను. అందుకే ఎందుకని అడగకు అన్నాను.

ఇంకొకటి ఉంది. వదిన ఫోను చేసి గొంతు ఆపరేషన్ అని చెప్పగానే నాకు నువ్వు గుర్తు రాలేదు, ఆ మూడు గింజలు గుర్తొచ్చాయి. ఇరవై ఆరేళ్ళు వాటిని దాటించడానికే అరిచి అరిచి నువ్వు గొంతు పోగొట్టుకున్నావేమో. అప్పటి నుంచీ రోజూ అదే అనుకుంటున్నాను. యంత్రం నేను ప్రేమతో పంపలేదు. భయంతో పంపాను.

ఇంక నువ్వేం రాసినా సరే. రాయకపోయినా సరే. తీగ మాత్రం మార్చు.

పిచ్చుక


మందిరం వెనక గది,
గడువు ఆదివారం దాటిన మర్నాడు

ప్రియమైన చెల్లికి,

అయిదు వారాలు రాయలేదు. కోపంతో రాయలేదనుకుని ఉంటావు. మొదటి వారం కోపమే. నీ మీద నా దగ్గరున్న మాటలన్నీ కూర్చుకున్నాను, నిప్పులు కురిసే చోట్లన్నీ గ్రంథంలో వేలుపెట్టి చదువుకున్నాను. చదువుతుంటే పెదవులు కదిలాయి, చప్పుడు రాలేదు. చప్పుడు లేకుండా ఎంతసేపని కోపంగా ఉంటారు?

రెండో వారం వెనక బల్ల దర్జీ దగ్గరికి వెళ్ళాను. ఇరవై ఏళ్ళుగా ఆ బల్ల మీదే కూర్చుంటున్న మనిషి. ఇన్నేళ్ళూ నా మాట నీకు వినపడిందా అని కాగితం మీద రాశాను. అతను మిషను ఆపాడు.

"సగం వినపడేది కాదండీ. మిగతా సగం మేమే ఊహించుకునేవాళ్ళం. బాగుండేది," అన్నాడు.

చెల్లీ, నేను ఆ దుకాణంలో గుడ్డపేలికల మీద కూర్చుని నవ్వాను. గొంతు లేని నవ్వు ఎలా ఉంటుందో నీకు చెప్పలేను. తర్వాత అది నవ్వు కాకుండా పోయింది. దర్జీ లేచి షట్టరు సగం దించి, మళ్ళీ కుట్టుకుంటూ కూర్చున్నాడు.

డాక్టరునీ అడిగాను. అరవడం వల్ల రాలేదు, ఎలా ఉన్నా వచ్చేదే అన్నాడు. నిజమే అన్నాడో, నా మొహం చూసి అన్నాడో తెలియదు. నువ్వు మాత్రం నమ్ము. నేను నమ్మాను.

కొత్త తీగ పెట్టాను. నోరు తెరవగానే దీపం ఎర్రబడింది, యంత్రం కేక పెట్టింది. పుట్టిన తర్వాత మొదటిసారి ఒక నాబుని వెనక్కి తిప్పాను. ఆకుపచ్చగా నిలబడే దాకా తిప్పాను. అప్పుడు నా ఊపిరి ఆసిలేటరులోకి వెళ్ళి, మాటగా బయటికొచ్చింది. నాది కాని గొంతు, నాదైన మాట. లోతుగా, నెమ్మదిగా, నీళ్ళ అడుగున ఎవరో నడుస్తూ మాట్లాడుతున్నట్టు. మీ వదిన చేతిలో పని వదిలేసి వచ్చి నేల మీద కూర్చుంది. చెప్పు, ఇంకా చెప్పు అంది. ఇరవై రోజులు రోజూ మధ్యాహ్నం ఆవిడకే చెప్పాను. పెళ్ళైనప్పటి నుంచీ చెప్పనివి చెప్పాను.

నిన్న వేదిక ఎక్కాను. పదకొండు నిమిషాలు మాట్లాడాను. ప్రసంగం రాసుకున్న కాగితం జేబులోంచి తీయలేదు. ఇరవై ఆరేళ్ళ క్రితం ఇక్కడే నిలబడి నా చెల్లెలి గురించి ఒక మాట అన్నాను, అది తప్పు, మా అమ్మ బతికుండగా చెప్పాల్సింది చెప్పలేదు అన్నాను. యంత్రం అదే మాటని గోడల వెంబడి మెల్లగా నడిపించుకుంటూ వెళ్ళింది. కిటికీ అద్దాల్లోంచి ఎండ వచ్చి బల్లల మీద పడుకుంది. ఎవరూ వంగలేదు. వెనక్కి వాలి కూర్చున్నారు. వెనక బల్ల మీద దర్జీ తలూపాడు. ఊహించుకోవాల్సిన పని తప్పిందనుకుంటాను.

పెద్దలు పక్క గదిలోకి వెళ్ళి అరగంట తర్వాత వచ్చారు. వేదిక ఇక మీకే అన్నారు. నేను ఒక్కటే అడిగాను. వచ్చే ఆదివారం నేనూ కాదు, కొత్త బోధకుడూ కాదు, నా చెల్లెలు అక్కడ నిలబడుతుందన్నాను. ఆవిడ బోధకురాలు కాదు కదా అన్నారు. కాదు. ఎదురుమాట చెప్పే వీలు లేని చోట నేను ఆవిడ మీద మాటన్నాను, ఆ చోటు ఆవిడకి బాకీ అన్నాను. ఒప్పుకున్నారు. ఇద్దరు గొణిగారు, కానీ ఒప్పుకున్నారు.

వస్తావా? నా మీద ఏం చెప్పినా సరే. బటను నేను ముట్టుకోను.

అన్నయ్య


రైలు స్టేషను,
గురువారం

అన్నయ్యా,

ఈ ఉత్తరం ముందు చేరుతుందో, నేనే ముందు చేరుతానో తెలియదు, అయినా పోస్టు చేసి బండెక్కుతున్నాను. ఇక్కడ కూర్చుంటే ప్రతి బండి కూతా నీ యంత్రం మాట్లాడుతున్నట్టే వినపడుతోంది.

ఏం చెప్తానో నన్నడగొద్దు, నాకే తెలియదు. నువ్వు కింద కూర్చోవాలి, మధ్యలో లేవకూడదు. పదకొండు నిమిషాలు మాట్లాడానన్నావు. నాకు అంతకంటే చాలా ఎక్కువ పడుతుంది. ఆదివారం భోజనాలు ఆలస్యమవుతాయని వదినకి చెప్పు.

పిచ్చుక